ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి
దుందుభి

జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లోనో రెండేళ్లు చేసిన కెమిస్టు కంపెనీ మారదామనుకోగానే ముందు భయపడేది ఇంగ్లిష్‌కే. నన్నడిగితే ఆ భయం అనవసరం. ఇంటర్వ్యూ తన్నేది చేతులారా చేసిన పనిని నోటితో చెప్పలేనప్పుడు.

క్యూసీలో, అంటే క్వాలిటీ కంట్రోల్‌లో, చేసే అమ్మాయిని ‘ఏం పనిచేస్తవమ్మా?’ అంటే ‘హెచ్‌పీఎల్‌సీ సార్’ అని ఊరుకుంటుంది. ఎదురుగా కూర్చున్నాయనకు ఆ మిషన్ సంగతి తెలుసు. ఈమె దాని మీద ఏం చేసిందో ఆయనకు కావాలి. ప్రెషర్ పెరిగితే ముందు ఏం చూస్తావు? సిస్టమ్ సూటబిలిటీ ఫెయిలైతే శాంపిల్ ఎక్కిస్తావా? రిజల్టు స్పెసిఫికేషన్ దాటితే, అంటే ఓఓఎస్ వస్తే, ఏం చేస్తావు? ఈ చివరి ప్రశ్న దాదాపు తప్పదు. ‘ఇంకోసారి ఇంజెక్ట్ చేస్త సార్’ అన్నారో, లేచి రావడమే మిగిలింది. సూపర్‌వైజర్‌కు చెప్పాలి, సొల్యూషన్లు పారబోయకుండా ఉంచాలి, ఎందుకొచ్చిందో విచారణ జరగాలి. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకొచ్చే ప్లాంటులో నచ్చని రిజల్టును పక్కనబెట్టి నచ్చింది రాసుకునే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? ప్రొడక్షన్ వాళ్లకైతే రియాక్టర్ ఎన్ని లీటర్లది, ఏ స్టేజీ, టెంపరేచర్ చెయ్యిదాటితే ఏం చేశావు, ఇవే. మాట తట్టుకుంటే ‘తెలుగులో చెప్పొచ్చా సార్?’ అని అడగండి. కూర్చున్నవాళ్లలో మనవాళ్లు ఒకరైనా ఉండొచ్చు.

గ్రూప్స్ చదివి ఇటు మళ్లినవాళ్లది ఇంకో బాధ. 2022లో తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలు ఎత్తేశారు. మంచిదే. కానీ హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్లు గడిపిన నల్లగొండ, పాలమూరు పిల్లలకు నలుగురి ముందు కూర్చుని తమ గురించి చెప్పుకునే అలవాటే పోయింది. ఆ ఏళ్లకు లేని ఉద్యోగం అతికించకండి. ‘గ్రూప్స్ ప్రిపేరయ్యాను, రాలేదు’ అనడంలో నామోషీ ఏమీ లేదు. మూడు నెలలు చేసి వదిలేసిన కంపెనీని దాచడం కూడా కుదరదు. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు ఉంది. చేరిన తేదీ, మానేసిన తేదీ సర్వీస్ హిస్టరీలో కనబడుతూనే ఉంటాయి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయానికొస్తా. చేరేటప్పుడు టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టుకునే కంపెనీలున్నాయి. పాలమూరు లేబర్‌ను గుంపు మేస్త్రీ అడ్వాన్సుతో కట్టేసేవాడు. బాకీ తీరేదాకా కదలడానికి లేదు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ కూలీ మనవడు ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి, మెమో తాకట్టు పెట్టి షిఫ్టుకు పోతున్నాడు. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులివ్వండి, ఆ పూటే వెనక్కి తెచ్చుకోండి. ఇచ్చేసినవాళ్లు కనీసం ఏమేం ఇచ్చారో రాయించి సంతకంతో రశీదు తీసుకోండి.

ఫోన్లో ‘సెలెక్టయ్యారు’ అన్నారని రాజీనామా చేయొద్దు. ఆఫర్ లెటర్ చేతికి రానివ్వండి. సీటీసీ అంకె చూసి మురవకండి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా అందులోనే కలిపి చూపిస్తారు. నెలకు చేతికెంతొస్తుంది, బస్సుకెంత కోస్తారు, క్యాంటీన్‌కెంత, నైట్ షిఫ్టులెన్ని అని మొహమాటం లేకుండా అడగండి. జడ్చర్లలో ఇంటి నుంచి పోయొచ్చే ఉద్యోగం వదిలి పటాన్‌చెరులో రూమ్ తీసుకుంటే, పెరిగిన జీతం కిరాయికే సరిపోవచ్చు.

మానేసేటప్పుడు ఫోన్ స్విచాఫ్ చేసి మాయమవకండి. నోటీసు పీరియడ్ పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకోండి. అది లేకపోతే వచ్చేసారి ఇంటర్వ్యూలో సగం సమయం సంజాయిషీకే పోతుంది. పీఎఫ్ కొత్త కంపెనీకి బదిలీ చేసుకోండి. బైకు కొనడానికని తీసేస్తే, అయిదేళ్ల సర్వీసు నిండకపోతే పన్ను లెక్కలోకి వస్తుంది. పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే పదేళ్ల అర్హత లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఆఫర్ లెటర్ పైన ఎవరి పేరుందో కూడా చూసుకోండి. గేటు మీద పెద్ద కంపెనీ పేరుండి, లెటర్ మీద కాంట్రాక్టరు పేరుంటే మీరు చేరుతున్నది కాంట్రాక్టరు దగ్గరే. పర్మనెంట్ ఎప్పుడు చేస్తారో నోటిమాటగా కాదు, కాగితం మీద అడగండి.