కళాశాల చదువునకు తోడుగా వెబ్ విద్య

పరీక్షా ఫలితములు వెలువడు దినములలో మన పాఠశాల వసారాలో ప్రతి సంవత్సరమును వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, మా పిల్లలచేత నేమి చదివింపవలెను?" అనునదే యా ప్రశ్న. అడుగువారు పలువురు, చెప్పువా రంతకంటె పలువురు. అయినను పిల్లల మనస్సు నడిగి తెలిసికొనువారు మాత్రము మిక్కిలి కొద్దిమంది.

రెండు సంవత్సరముల క్రిందట మన పూర్వ విద్యార్థిని యొకతె ఇంటర్మీడియెటులో నుత్తీర్ణురాలై, తండ్రితో గూడ నాయొద్దకు వచ్చెను. తెలుగు సాహిత్యము ప్రధాన విషయముగా బి.ఏ. చదువవలెనని యామె కోరిక. తండ్రి రెండెకరముల మెట్ట సేద్యము చేయువాడు. "అయ్యగారూ, తెలుగు మా యింటనందరమును మాటలాడుచునే యున్నాము. దానిని మరల మూడేండ్లు రుసుము చెల్లించి చదువవలయునా? కంప్యూటరు చదివిన నాలుగు మెతుకులైనను దొరకును గదా! తమరు చెప్పిన పిల్ల వినును" అని యాయన మొరపెట్టుకొనెను. బాలిక నేల చూచుచు నిలిచియుండెను. ఆమె చేరదలచిన కళాశాలలో తెలుగు ప్రధాన విషయముగాను, వెబ్ నిర్మాణము మైనరనబడు ఉపవిషయముగాను చదువుట కవకాశమున్నదని యామె చేతి కాగితము వలన తెలిసినది. "ఈ తోక చదువు వలన ప్రయోజనమేమైన కలదా?" యని తండ్రి యడిగెను. కలదని చెప్పి పంపితిని. నాడు నిలుచుండి రెండు మాటలలో చెప్పినదానిని నేడు కూర్చుండి వివరించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఉపవిషయ మనగా నేమో మొదట తెలిసికొందము. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2022 డిసెంబరు మాసమున పట్టపు చదువులకు నూతన ప్రణాళిక నొకదానిని ప్రకటించిరి. దాని ప్రకారము మూడేండ్ల పట్టమునకు కనీసము 120 క్రెడిట్లు, నాలుగేండ్ల పట్టమునకు 160 క్రెడిట్లు కావలయును. వీనిలో ఉపవిషయమునకు వరుసగా 24, 32 క్రెడిట్లు నిర్ణయింపబడినవి. అనగా మొత్తము చదువులో నైదవ వంతు. ఉపన్యాస పాఠమైనచో నొక క్రెడిటునకు 15 గంటలు, ప్రయోగశాలా పాఠమైనచో 30 గంటలు గనుక, 24 క్రెడిట్లనగా 360 గంటలకు తక్కువ గాని చదువు. ఇంజనీరింగు విద్యార్థులకు రీతి వేరు. వారు తమ పట్టమునకు వలసిన క్రెడిట్లకు మీదుగా మరి 18 మొదలు 20 వరకు సంపాదించినగాని మైనరు పట్టము లభింపదు. ఆంధ్రప్రదేశమునందలి డిగ్రీ కళాశాలలలో 2023-24 విద్యాసంవత్సరమున నొక ప్రధాన విషయము, దానికి తోడొక ఉపవిషయము అను పద్ధతి ప్రవేశపెట్టబడెను. ఇట్టి నియమములు తరచుగా మారుచుండును గనుక, చేరబోవు సంవత్సరపు నియమములను కళాశాలయందే విచారించుకొనుట క్షేమకరము.

ఇక వెబ్ నిర్మాణమనగా నేమి? జెనీవా నగరమునొద్దనున్న సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు, అచ్చటి శాస్త్రజ్ఞుల పత్రములు ఒకదానితో నొకటి ముడివడి యుండునట్లు 1989 మార్చిలో నొక యుపాయమును వ్రాసి పై యధికారికి సమర్పించెను. అది 1991లో లోకమునకు వెల్లడి యయ్యెను. 1993 ఏప్రిల్ 30వ తేదీని సెర్న్ వారు దానిని రుసుము లేకుండ నెల్లరును వాడుకొనవచ్చునని ప్రకటించిరి. నేడు మన చేతి ఫోనులలో తెరచు ప్రతి పుటయు ఆ యుచితదానముయొక్క ఫలమే. ఈ పుటలను కట్టుట మూడు భాషలచే జరుగును. హెచ్.టి.ఎమ్.ఎల్. అనునది యిది శీర్షిక, యిది పేరా, యిది పటము అని యెముకల గూడును నిలుపును. సి.ఎస్.ఎస్. అనునది దానికి రంగును, కొలతను, అమరికను కూర్చి బట్టగట్టును. జావాస్క్రిప్టు అనునది వ్రేలు తాకినప్పుడేమి జరుగవలెనో నిర్ణయించి చలనము కలిగించును. వీని వెనుక, లెక్కలను పేర్లను భద్రపరచు కొట్టుగదివంటి దత్తాంశ నిలయము వేరొకటి యుండును.

ఈ విద్య ప్రధానముగా గాక తోడుగా నేర్చుకొనదగినదని నా యభిప్రాయము. ఏలయనగా, పుట కట్టుట తెలిసినవానికి పుటలో నుంచదగిన విషయము తెలియకున్న యెడల వాడు కుండ చేసి నీరు లేక కూర్చున్నవానివలె నుండును. మిషను చరిత్రలోనే దీనికి తార్కాణము కలదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున 1812లో బంగాళమునందలి శ్రీరాంపూరు ముద్రాలయమున నచ్చయినవి. వానిని తెలిగించినవాడు విశాఖపట్టణమున పనిచేసి 1810లో మరణించిన అగస్టస్ డెస్ గ్రాంజెస్. ముద్రాలయమును నడిపినవాడు విలియం వార్డు. అతడు వృత్తిచే నచ్చుపనివాడు. భాష తెలిసినవాడొకచోట, అచ్చు తెలిసినవాడు వందల మైళ్ల కావల మరియొకచోట! ఇద్దరిలో నెవడు లేకున్నను ఆ గ్రంథము పుట్టియుండదు. నేడు ఆ రెండు విద్యలును ఒక్క విద్యార్థి చేతిలో నిముడుట సాధ్యమైనది. తెలుగుగాని, చరిత్రగాని, వ్యవసాయ శాస్త్రముగాని, వాణిజ్యముగాని ప్రధానముగా చదివినవాడు తానెరిగినదానిని తానే లోకమునకు చూపగలడు. ఇది మునుపటి తరముల వారికి లేని భాగ్యము.

తెలుగు విద్యార్థినికి వెబ్ విద్య యేల యని యడుగువారికి మరియొక మాట చెప్పుదును. యూనికోడు అను లోకసమ్మతమైన యక్షరసంఖ్యా పట్టికలో తెలుగునకు 128 గడులు కేటాయింపబడి యున్నవి. ఆ పద్ధతిలో "స్త్రీ" అను నొక్క యక్షరము ఆరు సంకేతముల కూర్పు: సకారము, హల్లు గుర్తు, తకారము, మరల హల్లు గుర్తు, రేఫ, దీర్ఘమైన గుడి. తెలుగు రానివాడు పుట కట్టినయెడల దీని నారు అక్షరములుగా లెక్కించును. పేరు పొడుగైనదని నడుమ తెగగొట్టి ఒత్తులను విడదీయును. అకారాదిక్రమమును తారుమారు చేయును. దరఖాస్తు పుటలలో తమ పేరులు విరిగి కనబడుట మీలో ననేకులు చూచియే యుందురు. ఈ దోషము యంత్రమునది గాదు. వ్యాకరణమెరిగినవాడు పుట కట్టుచోట లేకపోవుటయే దీనికి కారణము. సంయుక్తాక్షర మనగా నేమో తరగతిలో నేర్చుకొన్న బాలికయే దీనిని సరిదిద్దుట కర్హురాలు గాని, తెలుగును బరువని విడిచిపెట్టినవాడు గాడు.

సేవాధర్మము మన పాఠశాలకు పునాది గనుక ఇంకొక సంగతి చెప్పక విడువరాదు. అంధులు ఫోనును కంప్యూటరును చదివి వినిపించు సాధనముచే వాడుదురు. ఇట్టి సాధనములలో నుచితముగా లభించు ఎన్.వి.డి.ఎ. అనుదానిని 2006లో ప్రారంభించినవారు మైకేల్ కరన్, జేమ్స్ టే అను ఇద్దరు ఆస్ట్రేలియా దేశస్థులు, ఇద్దరును అంధులే. అయితే పుట కట్టినవాడు పటమునకు ప్రక్కన దాని వివరమును మాటలలో వ్రాయనియెడల ఆ సాధనము పటము కడకు వచ్చి మౌనమును వహించును. శీర్షికను శీర్షికగా గుర్తింపక పెద్ద యక్షరములతో మాత్రము వ్రాసినయెడల వినువానికి తల తోక తెలియదు. ఇట్టి విషయములకు నియమావళి 1999లోనే యేర్పడినది. మన దేశమున 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టమును దీనినే కోరుచున్నది. ఐనను ఎన్ని పుటలు నేటికిని గ్రుడ్డివాని యెదుట మూసిన తలుపులవలె నున్నవి! రెండు పంక్తులు వ్రాసిన తెరచుకొను తలుపును సోమరితనముచే మూసియుంచుట పొరుగువానియెడల చేసిన తప్పిదమే యని నా నమ్మకము.

దీనికి కొందరు చెప్పు ఆక్షేపణలను గూడ న్యాయముగా విచారింపవలెను.

మొదటిది: "2021, 2022 సంవత్సరములు మొదలుకొని కృత్రిమ మేధయే కోడు వ్రాయుచున్నది, మనము నేర్చుకొనుట వ్యర్థము" అనునది. యంత్రము వ్రాయుట నిజమే. అయితే అది తప్పు వ్రాసినప్పుడును తడబాటు లేకుండనే వ్రాయును. చదువురానివానికి ఇతరులు జాబు వ్రాసిపెట్టినచో, అందేమున్నదో వాడెట్లెరుగును? వ్రేలిముద్ర వేయును, అంతే. యంత్రము వ్రాసినదానిని చదివి, తప్పొప్పు లేర్పరచి, బాధ్యత వహించుటకైనను ఈ విద్య కావలయును. కాని కేవలము పుటలు కట్టుటయే జీవనోపాధిగా నెంచుకొన్నవాని కిది గడ్డుకాలమగునన్న మాటను నేను కాదనను. తోడు విద్యగా నేర్వుడని చెప్పుటకు ఇదియు నొక కారణము.

రెండవది: "ఇది యింటియొద్దనే యుచితముగా నేర్చుకొనవచ్చును, కళాశాల యేల?" అనునది. ఇదియు చాలవరకు సత్యమే. భారత ప్రభుత్వమువారి స్వయం పాఠములు 2017 నుండి యున్నవి. పరదేశీయుల యుచిత పాఠములకు లెక్కయే లేదు. పట్టుదల గలవాడు వీనితోనే ప్రవీణుడు గావచ్చును. అయితే పదునెనిమిదేండ్ల ప్రాయమున పట్టుదలకంటె నిదుర బలమైనది. వారమునకు రెండు దినములు ప్రయోగశాలకు పోవలెనను నిర్బంధమును, తప్పును చూపు గురువును, సరిపోల్చుకొనుటకు సహపాఠులును కళాశాలయందు దొరకుదురు. అట్టి గురువును ప్రయోగశాలయు లేని కళాశాలలో మాత్రము ఈ ఉపవిషయమును ఎన్నుకొనకుడు. మరియొక దానిని తీసికొని, దీనిని ఇంటియొద్ద నేర్చుకొనుడు.

మూడవది: "ప్రధాన విషయమునకు భంగము కలుగును" అనునది. మూడు వంతుల కాలమును తెరయెదుట గడిపినయెడల కలుగును. ఐదవ వంతు ఐదవ వంతుగానే యుండవలెను.

తలిదండ్రులారా, కళాశాల వెలుపల నొక సంస్థవారు ఆరు మాసములలో ఉద్యోగము చేతికిచ్చెదమని గోడ ప్రకటనలంటించి, పెద్ద మొత్తము లాగికొని, ఒక యోగ్యతాపత్రమును మాత్రమిచ్చి పంపగా, నగలు కుదువబెట్టిన కుటుంబమొకటి నేటికిని వడ్డి కట్టుచుండుట నే నెరుగుదును. ఉద్యోగ వాగ్దానము చేయు విద్యను శంకింపుడు. ఉపవిషయముగా నేర్చుకొనిన ఈ విద్య కూడ ఉద్యోగమును తనంతట తానియ్యదు. అది చేతికొక పనిముట్టు నిచ్చును. పని వెదకుకొనుట మనిషి వంతు.

విద్యార్థులారా, ఏది నేర్చుకొనవలె ననుదానికంటె ఏ వరుసను నేర్చుకొనవలె ననునది ముఖ్యము. 1812 మార్చి 11వ తేదీని శ్రీరాంపూరు ముద్రాలయము తగులబడి, అనేక దేశభాషల యచ్చక్షరములు కరగి ముద్దలైపోయెను. కాని అక్షరములను పోతపోయుటకు మూలమైన ఉక్కు అచ్చులు బూడిదలో చెడకుండ దొరకినవి. వానితో నదే సీసమును మరల పోతపోసి కొలది మాసములలోనే పని సాగించిరి. వెబ్ విద్యలోను ఇట్లే కరగు సీసమును, కరగని యుక్కును గలవు. ఫ్లాష్ అను సాధనము నొకకాలమున వేలకొలది జనులు నేర్చి దానితోనే జీవించిరి. 2020 డిసెంబరు 31తో దాని పోషణము ముగిసెను. ఐనను తొలినాళ్లలో హెచ్.టి.ఎమ్.ఎల్.తో వ్రాసిన మొదటి వెబ్ పుటను సెర్న్ వారు 2013లో దాని పూర్వపు చిరునామాయందే మరల నిలిపిరి. నేటి బ్రౌజరును దానిని చదువగలుగుచున్నది. కనుక పుటయొక్క కట్టడము, అడుగుట బదులిచ్చుట యను సంప్రదాయము, లెక్కల నిలువ, భద్రత అను మూలములను ముందు పట్టుకొనుడు. ఏటేట మారు సాధనములు పిమ్మట వచ్చును. మీ కళాశాలవారు ఈ మూలములను చెప్పుదురా, లేక సాధనముల పేరులను మాత్రము వల్లింపజేయుదురా యని చేరకముందే యడిగి తెలిసికొనుడు.

ఆ బాలిక ఇప్పుడు పట్టపు చదువులో రెండవ సంవత్సరమున నున్నది. గత వేసవియందు మా యింటికి వచ్చి, తన గ్రామమున పెద్దలు వాడు సేద్యపు మాటలను సేకరించి, అకారాదిగా నమర్చిన చిన్న పుట నొకదానిని చూపెను. ఒత్తు లొక్కటియు విరుగలేదు. మాటలలో సగము తండ్రి చెప్పినవే. ఆమె కుద్యోగ మెట్టిది దొరకునో నేను చెప్పజాలను. కాని ఆయన ఆ పుటలో "గుంటక" అను మాటయొద్ద తన వివరణము చదివికొని, "తెలుగులో ఇంత యున్నదా, అయ్యగారూ?" అని యడిగెను.

రెండు విద్యలును కూడినచోట పుట్టిన ప్రశ్న యది. మన పిల్లలకు దేవుడు మనసిచ్చిన విద్యను ప్రధానముగా చదువనిత్తము. చేతిపనిని దానికి తోడు చేయుదము.