మనసుకు తగిలిన దెబ్బకూ వైద్యం కావాలి

పిల్లలూ! 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సముద్రపు నీరు దాదాపు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళమీదికి వచ్చిపడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 10,000 మంది దాకా చనిపోయారు. బతికి బయటపడినవారికి తిండీ, బట్టా, గూడూ సమకూర్చటానికి ఎందరో ముందుకు వచ్చారు. కాని కన్నబిడ్డ చెయ్యి జారిపోయిన తల్లి మనసు సంగతి ఎవరు పట్టించుకొన్నారు? జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మన దేశంలో మొదలైందే 1982లో!

భయం చెడ్డది కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం హెచ్చరిక గంట కొడుతుంది. అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. వరదలో చెట్టుకొమ్మను గట్టిగా పట్టుకొనే శక్తి అలా వస్తుంది. ప్రమాదం తొలగాక ఈ గంట ఆగిపోవాలి. కొందరిలో ఆగదు. నెలలు గడిచినా గాలి హోరు వింటే చాలు, గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. ఇది పిరికితనం కాదు. ఇది జబ్బు, వైద్యం ఉన్న జబ్బు.

"అంత కష్టం వచ్చినవాళ్ళు ఏడవరా? దానికి డాక్టరెందుకు?" అని పెద్దలు కొందరు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. చాలామంది అయినవాళ్ళ ఆదరణతో కొద్ది వారాల్లోనే తేరుకొంటారు. కాని నెల దాటినా తిండి, నిద్ర, చదువు, పని సాగనివారిని "అదే సర్దుకొంటుందిలే" అని వదిలేయటం పొరపాటు. విరిగిన ఎముకను అలా వదిలేస్తామా?

డబ్బూ, డాక్టర్లూ ఉన్న దేశాల్లో ఈ ఇబ్బంది ఉండదనుకొంటున్నారా? 2005 ఆగస్టులో అమెరికాను కత్రినా తుపాను దెబ్బతీసింది. కొన్ని నెలల తరువాత శాస్త్రజ్ఞులు బాధితులను ప్రశ్నించి చూశారు. తుపాను తరువాత కొత్తగా మానసిక వ్యాధికి గురైనవారిలో ఏదో ఒక చికిత్స పొందినవారు నూటికి 19 మంది కూడా లేరు. అంతకుముందే చికిత్స పొందుతున్న రోగుల్లో నూటికి 23 మంది దాకా చికిత్స తగ్గిపోయింది, లేదా ఆగిపోయింది. ఇల్లు కొట్టుకుపోతే మాత్రలూ, మందుల చీటీ కూడా కొట్టుకుపోతాయి కదా!

కనుక నా అభిప్రాయం ఇది. బాధితుడే ఆసుపత్రిని వెతుక్కొంటూ వస్తాడని కూర్చోరాదు. వైద్యమే అతని దగ్గరికి వెళ్ళాలి. సహాయ శిబిరంలో జ్వరానికి మందిచ్చే బల్ల పక్కనే, మనసులోని గోడు వినే మనిషికీ ఒక బల్ల వేయాలి. ఇంతకుముందు ఏ మందులు వాడుతున్నారో ప్రతివారినీ అడగాలి. అందరికీ మానసిక వైద్యులను ఎక్కడినుంచి తెస్తామంటారా? 2004 సునామీ తరువాత బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ స్థానిక ఉపాధ్యాయులకూ, కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి ఈ పనిలో దించింది. అది సాధ్యమేనని అప్పుడే రుజువైంది.

మీరు చేయగలిగిందీ ఉంది. వరదకు ఇల్లు పోయిన తోటి విద్యార్థి మీ తరగతిలో ఉంటే, జరిగింది చెప్పమని బలవంతం చేయకండి. చెప్పినప్పుడు మాత్రం ఓపికగా వినండి. వారాలు గడిచినా అతడు కోలుకోకపోతే మీ టీచరుకు చెప్పండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే, పగలైనా రాత్రైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మీ నోటుపుస్తకం అట్టమీద రాసుకోండి. కాలు విరిగినవాడు ఆసుపత్రికి వెళ్ళటానికి సిగ్గుపడడు. మనసు గాయపడినవాడూ సిగ్గుపడని రోజు రావాలి. ఆ రోజును తేవలసింది మీరే.