వెన్నుపూసకు సిమెంటు

"చిన్నప్పుడు నేను ఇంతకన్న పొడుగుండేదాన్ని," అని మీ అమ్మమ్మ ఎప్పుడైనా అన్నదా? అంటే నవ్వకండి. అది నిజమే కావచ్చు.

మన వెన్ను ఒకే ఎముక కాదు. మెడ నుంచి నడుము దాకా 24 పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పూస లోపల తేనెపట్టులాగా సన్నని గదులుంటాయి. వయసు మళ్ళినవారిలో, ముఖ్యంగా ఆడవారిలో, ఈ గదుల గోడలు పలచబడతాయి. అప్పుడు కింద పడనక్కర లేదు. నీళ్ళ బిందె ఎత్తినా, గట్టిగా దగ్గినా పూస అణిగిపోవచ్చు. ముందు భాగమే ఎక్కువగా అణుగుతుంది గనక వీపు వంగిపోతుంది.

చేయి విరిగితే కట్టు కట్టవచ్చు. పూసకు కట్టు ఎలా కడతారు? నొప్పికి మందు మింగుతూ కొన్ని వారాలు ఓర్చుకోవటమే చాలాకాలం సాగిన వైద్యం. చాలామందికి నొప్పి అలాగే తగ్గుతుంది కూడా. తగ్గనివారి గతి ఏమిటి?

1984లో, ఫ్రాన్సులోని అమియాన్ పట్టణంలో గాలిబెర్, దెరామోన్ అనే డాక్టర్లు ఒక ఉపాయం చేశారు. ఒకామె మెడపూసలో రక్తనాళాల గడ్డ పెరిగి పూసను గుల్ల చేసింది. వారు సూది గుండా ఆ పూసలోకి సిమెంటు ఎక్కించారు. ఇల్లు కట్టే సిమెంటు అనుకునేరు! ఇది ఒక రకం ప్లాస్టిక్కు. పొడినీ, ద్రవాన్నీ కలిపితే ముద్ద అయి, కొద్ది నిమిషాలలో వేడెక్కి గట్టిపడుతుంది. ఆమె నొప్పి తగ్గింది. తరవాత అణిగిన పూసలకు కూడా ఇదే వైద్యం చేశారు.

1998లో అమెరికాలో రైలీ అనే డాక్టరు ఇంకొక అడుగు వేశాడు. ముందుగా ఒక చిన్న బుడగను పూసలోకి దూర్చి, ఉబ్బించి, అణిగినదాన్ని కొంత పైకి లేపి, బుడగ తీసేసి, ఆ ఖాళీలో సిమెంటు నింపటం! రోగి బోర్లా పడుకుంటే, డాక్టరు ఎక్స్‌రే బొమ్మలో చూస్తూ ఈ పని చేస్తాడు. వీపు మీద చిన్న గాటు చాలు. అయితే సిమెంటు పక్కకు కారి వెన్నుపామును నొక్కినా, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరినా ముప్పే.

2009లో ఒక చిత్రం జరిగింది. ఆస్ట్రేలియా, అమెరికా డాక్టర్లు కొందరు రోగులకు నిజంగా సిమెంటు పెట్టి, మరికొందరికి పెట్టినట్టు నటించారు. గదిలో సిమెంటు వాసన కూడా వచ్చేటట్టు చేశారు! ఇది మోసం కాదు, రోగులు ముందే ఒప్పుకున్నారు. తీరా చూస్తే ఇద్దరికీ నొప్పి ఒకే మాదిరిగా తగ్గింది. 2016లో ఆస్ట్రేలియాలోనే, పూస అణిగి ఆరు వారాలు దాటని, నొప్పి తీవ్రంగా ఉన్నవారి మీద చూస్తే, సిమెంటు పెట్టినవారే ఎక్కువమంది తేరుకున్నారు. ఇది ఎవరికి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అని డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మీ అమ్మమ్మకు ఉన్నట్టుండి నడుము నొప్పి పట్టుకుంటే, "వయసు గదా" అని పెద్దలు ఊరుకోరాదు, డాక్టరుకు చూపించాలి. ఒక పూస అణిగినవారికి మరొకటి అణిగే భయం ఎక్కువ. సిమెంటు ఆ ఒక్క పూసకే. మిగిలిన ఎముకలకు బలమిచ్చే మందు వేరే వాడవలసి ఉంటుంది.