ఒక్క పండుగకే ఓడిపోయినట్టా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా ముప్కాల్. నా వయసు 38. ఎత్తు అయిదడుగులు. ఇద్దరు పిల్లలు. ఇంట్లోనే కూర్చుని బీడీలు చుడతాను. మా అమ్మకు షుగరు వ్యాధి ముదిరి కాలి వేళ్ళు తీసేశారు. నాకూ ఆ గతి పడుతుందేమోనన్న భయం ఒకవైపు, మోకాళ్ళ నొప్పులు ఒకవైపు. అందుకని బరువు తగ్గాలని పట్టు పట్టాను. నాలుగు నెలల్లో 72 కిలోల నుంచి 67కు వచ్చాను. అంతలో బతుకమ్మ పండుగ. సత్తుపిండి, మలీద ముద్దలు, దసరాకు మటన్, గారెలు. మా ఆయన దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడని చుట్టాల ఇళ్ళలో దావత్‌లు. దసరా మర్నాడు మందుల దుకాణంలో తూగితే 69! ఏడుపొచ్చింది. రెండు రోజులు ఒక్కపొద్దు ఉన్నాను. మూడోనాటి రాత్రి ఆగలేక, అందరూ పడుకున్నాక డబ్బాలో ఉన్న మురుకులన్నీ తినేశాను. అప్పటి నుంచి అంతా వదిలేశాను. "నీ ఒంటి తీరే అంత" అంటుంది మా అత్తమ్మ. నిజమేనా?
– ఒక సోదరి, ముప్కాల్

జవాబు: అమ్మా, ముందు కళ్ళు తుడుచుకోండి. మీరు ఓడిపోలేదు. మీ ఉత్తరంలో మీకు కనపడని ఒక గెలుపు నాకు కనపడుతోంది. 72 కిలోల మనిషి 5 కిలోలు తగ్గడమంటే నూటికి ఏడు వంతులు తగ్గడం. ఈ ఏడు అన్న అంకెకు వైద్యశాస్త్రంలో ఒక కథ ఉంది.

అమెరికాలో మూడు వేల మందికి పైగా స్త్రీ పురుషులపై జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. వారందరికీ రక్తంలో చక్కెర మామూలు కన్న ఎక్కువే. కాని షుగరు వ్యాధి అనదగినంత కాదు. వారిలో కొందరికి తిండి తగ్గించి, వారానికి 150 నిమిషాలు నడిచి, బరువులో నూటికి ఏడు వంతులు తగ్గాలని లక్ష్యం పెట్టారు. సుమారు మూడేళ్ళు గడిచేసరికి, మామూలు సలహాతో సరిపెట్టుకున్న వారితో పోలిస్తే వీరిలో షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. అసలు విశేషం వినండి. మొదటి ఆరు నెలల్లో ఆ లక్ష్యం అందుకున్నది సగం మందే! తగ్గిన వారిలోనూ ఎందరికో బరువు కొంత తిరిగి వచ్చింది. అయినా అంత మేలు జరిగింది. తప్పటడుగులు పడ్డా నడక మానకపోవడమే వారికి కలిసి వచ్చింది.

ఆ రెండు కిలోలు ఎక్కడివి?

ఒక కిలో కొవ్వు ఒంట్లో చేరాలంటే అవసరానికి మించి సుమారు 7 వేల కేలరీలకు పైగా తినాలి. రెండు కిలోలకు 14 వేలు దాటాలి. మూడు నాలుగు రోజుల దావత్‌లలో ఎంత తిన్నా అంత తినడం కష్టం. మరి తూకంలో ముల్లు ఎందుకు కదిలింది? పండుగ వంటల్లో ఉప్పు ఎక్కువ. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. పిండివంటల్లోని పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో నిలవ చేరేటప్పుడు తన బరువుకు సుమారు మూడింతల నీటిని వెంట తీసుకుపోతుంది. కడుపులో ఇంకా అరగని ఆహారం సరేసరి. మామూలు తిండికి వస్తే ఇందులో చాలా భాగం వారం పది రోజుల్లో దిగిపోతుంది. అందువల్ల పండుగ మర్నాడు తూకం ఎక్కకండి. అది చెప్పేది సగం నిజమే.

నష్టం ఎక్కడ జరిగింది?

నష్టం గారెల్లో లేదు. "ఎలాగూ చెడింది, ఇక తిందాం" అన్న ఆలోచనలో ఉంది. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని పరీక్షించారు. నోరు కట్టుకుని ఉండే వారికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ పెడితే, అది తాగని వారి కంటే వీరే ఎక్కువ ఐస్‌క్రీమ్ తిన్నారు! నియమం ఒకసారి తప్పిందనుకోగానే గేటు పూర్తిగా ఎత్తేశారన్నమాట.

మీ పనిలోనే చూడండి. చుట్టేటప్పుడు ఒక బీడీ విరిగితే చాటలో ఉన్నవన్నీ పారబోస్తారా? దాన్ని పక్కన పడేసి ఇంకో ఆకు తీసుకుంటారు. తిండి విషయంలోనూ అంతే.

ఒక్కపొద్దు శిక్ష వద్దు

భక్తితో ఉండే ఒక్కపొద్దు వేరు. తిన్నందుకు శిక్షగా ఉండే ఒక్కపొద్దు వేరు. ఈ రెండోది బెడిసికొడుతుంది. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు, ముందుకు వచ్చిన 36 మంది యువకులను ఆరు నెలల పాటు అరకడుపుతో ఉంచారు. వారికి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. తిరిగి తిండి పెట్టాక కడుపు నిండినా ఆగలేకపోయిన వారున్నారు. కనుక ఆ రాత్రి మురుకుల డబ్బా ఖాళీ కావడం మీ బుద్ధి లోపం కాదు. రెండు రోజుల ఆకలి చేసిన పని.

ఇప్పుడేం చేయాలి?

1. తర్వాతి భోజనం నుంచే మొదలుపెట్టండి. సోమవారం కోసమో, వచ్చే నెల కోసమో ఆగవద్దు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ – మీ ఇంట్లో ఉన్నదే చాలు. పూట మానవద్దు.

2. వారానికి ఒకసారే తూగండి. అదే తూకం, అదే రోజు, ఉదయం పూట. నెలకోసారి నడుము కొలవండి. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకుండా ఉండాలి. వారానికి అర కిలో తగ్గితే అది మంచి వేగం.

3. తప్పిన రోజున చిన్న చీటీ రాసుకోండి. ఎప్పుడు, ఎవరింట్లో, ఎందుకు తిన్నాను? ఆకలా, అలసటా, మొహమాటమా, కోపమా? నాలుగు చీటీలు చేరేసరికి మీ బలహీనత ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

4. దావత్‌కు ఆకలితో వెళ్ళకండి. వెళ్ళే ముందు ఒక గ్లాసు మజ్జిగ, కాస్త కూర తినండి. రెండు గారెలు తింటానని ఇంట్లోనే నిర్ణయించుకోండి. వదినగారు మూడోది వేయబోతే "చాలా బాగున్నాయి వదినా, డాక్టరు లెక్క పెట్టి తినమన్నాడు" అనండి. నిష్ఠూరం నా మీదకే వస్తుంది!

5. చాయ్ లెక్క చూడండి. రోజుకు ఆరు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అనుకుంటే 240 కేలరీలు. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది గాని, మన చాయ్ గ్లాసులో చక్కెర మాత్రం తగ్గలేదు.

6. బీడీలు చుడుతూ గంటల తరబడి కదలకుండా కూర్చోవద్దు. అయిదారు కట్టలు పూర్తయినప్పుడల్లా లేచి నాలుగు నిమిషాలు నడవండి. సాయంత్రం అరగంట నడక వేరే ఉండాలి. మోకాలు నొప్పి పెడితే రెండు విడతలుగా నడవండి.

మరొక మాట. కొన్ని వారాలు అన్నీ సరిగా చేసినా ముల్లు కదలకపోవచ్చు. ఒళ్ళు తేలికపడే కొద్దీ అది ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. అది ఓటమి కాదు, మజిలీ. నడక కాస్త పెంచండి.

డాక్టరును ఎప్పుడు చూడాలి?

కొద్ది రోజుల్లోనే బరువు పెరిగి పాదాలు వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయవద్దు. అది కొవ్వు కాకపోవచ్చు. గుండె, మూత్రపిండాలను పరీక్షించాలి. నీరసం, నెలసరి తేడాలు ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. షుగరుకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు భోజనం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. దొంగచాటుగా ఆపుకోలేని తిండి తరచు జరుగుతున్నా, తిన్నది కక్కాలనిపిస్తున్నా సిగ్గుపడక మానసిక వైద్యునికి చెప్పండి. మీ అమ్మగారికి వ్యాధి ఉంది గనుక మీరు ఏడాదికోసారి పరగడుపున చక్కెర పరీక్ష తప్పక చేయించుకోవాలి.

మీ అత్తమ్మ గారి మాటలో కొంత నిజముంది. ఒంటి తీరు కొంతవరకు పుట్టుకతోనే వస్తుంది. కాని నాలుగు నెలల్లో 5 కిలోలు తగ్గినదీ ఆ ఒళ్ళే కదా! ఈ ఉత్తరం చదివిన పూటే పొయ్యి మీద జొన్నరొట్టె వేయండి. సంక్రాంతి నాటికి మీ తూకం ఎంతో రాయండి. పెరిగినా సరే, దాచకుండా రాయండి.