నంబరు చూపి నమ్మిస్తున్నారు

నాగాయలంక నుంచి కృత్తివెన్ను దాకా, ఇటు నందివాడ రొయ్యల చెరువుల మీదా మందులు అమ్మేవాళ్ల నోట ఒకటే మాట: 'ఇది సీఏఏ రిజిస్టర్డ్ సరుకు. మేతలో కలిపితే ఇమ్యూనిటీ పెరుగుతుంది, తెల్లమచ్చ రాదు.' మొదటి ముక్క నిజమే కావచ్చు. దాన్ని రెండో ముక్కకు పూచీగా నిలబెట్టడమే మోసం.

తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ (సీఏఏ) ఈ సరుకులను ఎందుకు నమోదు చేస్తోంది? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు బయటపడి మన రొయ్య విదేశీ రేవుల నుంచి తిరిగొస్తున్నందుకు. నిషేధిత యాంటీబయాటిక్స్ లేవని తేలడమే ఆ నమోదుకు ఆధారం. రోగాన్ని ఆపుతుందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. విషం లేదన్న కాగితాన్ని ఔషధమన్న కాగితంగా చూపి డబ్బాలు అంటగడుతున్నారు.

ఇక ఆ ఇమ్యూనిటీ సంగతి. మనిషికో కోడికో తయారైనట్టు రొయ్య ఒంట్లో యాంటీబాడీలు తయారు కావు. ఉన్నది పుట్టుకతో వచ్చిన రక్షణే. బీటా గ్లూకాన్, విటమిన్ సి దాన్ని కొంత చురుకు చేస్తాయని ప్రయోగశాల తొట్లలో కనిపించిన మాట వాస్తవం. కానీ తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే చెరువులో, పక్కవాడు వదిలిన నీళ్లే తోడుకోవాల్సిన కాలువ పక్కన అదే ఫలితం వస్తుందని దివిసీమ రైతుకు ఎవరు చూపించారు? 1990ల మధ్యలో టైగర్ రొయ్య సాగును కుదేలు చేసిన తెల్లమచ్చ వైరస్‌కు నేటికీ మందు లేదు. రొయ్య లివర్‌ను పట్టే ఈహెచ్‌పీకీ లేదు. పీసీఆర్ పరీక్ష చేయించిన పిల్ల, ఎండగట్టి దున్నిన చెరువు, గట్టు చుట్టూ క్రాబ్ ఫెన్సింగ్... కాపాడితే ఇవే కాపాడాలి.

పంట నిలిస్తే మందు గొప్ప. పోతే 'డోసు తగ్గించావు, ఆలస్యంగా వేశావు' అని రైతు మీదికే నెట్టడం. మేతా మందూ అప్పుకిచ్చి పట్టుబడి రోజున కోసుకునే షాపుతో కౌలు రైతు ఏం వాదిస్తాడు? ధర ఎప్పుడు పడినా ముందు మునిగేది అతనే.

చెరువులో వేసే ప్రతిదీ దండగ అనడం లేదు. గుడివాడ వైపు ఉప్పు తక్కువ నీళ్లలో పొటాషియం, మెగ్నీషియం వేయక తప్పదు, కాదనం.

సప్లిమెంట్లకు ప్రమాణాలు నిర్ణయించడం అథారిటీ విధుల్లో ఉన్నదే. చెరువుల్లో రుజువు చూపని డబ్బా మీద రోగం పేరే ఉండకూడదు. నంబరు పక్కనే 'యాంటీబయాటిక్స్ లేవని మాత్రమే' అని తెలుగులో, నంబరంత అక్షరాలతో వేయించాలి. తీరానికి దూరంగా ఉన్న చెరువుల్లో ఆ పని రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీది. తెల్లమచ్చ రాదని నోటితో చెప్పే ప్రతి షాపూ ఆ మాటను బిల్లు మీద రాసి సంతకం పెట్టాలి.