ముంత ముచ్చట్లు – 6: వాడి స్టౌటు, అవ్వ లందా



పోయిన వారం అమెరికాలో ఉన్న నా పాత క్లాస్‌మేట్ ఒకడు ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టాడు. "చలికాలానికి నేను ఇంట్లో చేసుకునే బీర్లలో నాకు బాగా నచ్చినవి" అని. నల్లటి స్టౌటు ఒకటి, దాల్చినచెక్క వేసిన పోర్టర్ ఒకటి. మూడోది మాత్రం ప్రత్యేకం అన్నాడు, రాగులు మొలకెత్తించి వాటితో చేసిన స్టౌటు. "మన అమ్మమ్మల ధాన్యం, మన మూలాలు" అని రాశాడు. కింద రెండొందల లైకులు. నేనూ లవ్ కొట్టాను, దాచడం ఎందుకు.

అదే వారం మా కాలేజీలో డిగ్రీ మూడో సంవత్సరం చదివే పోర్జా కుర్రాడు ఇంకో ఫొటో పెట్టాడు. వాళ్ల అవ్వ పొయ్యి పక్కన కూచుని కుండకు గోనెసంచి చుడుతోంది. "చలికి అవ్వ పెట్టిన లందా" అని ఒక్క లైను. దాని కింద మనవాళ్లే నలుగురు వచ్చారు. బాబాసాహెబ్ బొమ్మ ప్రొఫైల్‌లో పెట్టుకుని తాగుడుకు ప్రచారమా అని ఒకరు. ఇలాంటి ఫొటోల వల్లే మనల్ని తాగుబోతులంటున్నారని ఇంకొకరు. పొద్దున్నకి పోస్టు తీసేశాడు. క్లాసు అయ్యాక నా దగ్గరికొచ్చి, "తప్పు చేశానా సార్?" అని అడిగాడు.

ఆ నలుగురికీ తెలియనిది ఒకటుంది. ఆ ఫొటోకి పది రోజుల ముందు యూనిఫాం వేసుకున్నవాళ్లు ఆ ఊరికి వెళ్లి కుండలు పగలగొట్టారు. అవ్వ కుండ కూడా. ఫొటోలో ఉన్నది కొత్త కుండ.

ఈ భాగం ఆ పిల్లాడి ప్రశ్నకు నా జవాబు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు లందా అంటే ఏమిటో చెప్పాలి. అరకు వైపు, ఆ పక్క కొరాపుట్ వైపు ఊళ్లలో చోళ్లతో, బియ్యంతో పెట్టే పులిసిన పానీయం. మన నెల్లూరు వైపు రాగులంటాం, ఇక్కడ చోళ్లు. ఆ ఇంట్లో నేను చూసిన పద్ధతి ఇది: కొన్ని గింజలు నానబెట్టి మొలకెత్తిస్తారు. ఎండబెట్టి విసురుతారు. ఇంకొంత పిండిని ఆవిరి మీద ఉడికించి, చల్లారాక ఈ మొలకల పిండి కలిపి, నీళ్లు పోసి కుండలో పెడతారు. నాలుగైదు రోజులకు పుల్లగా, చిక్కగా, కొంచెం నురగతో తయారవుతుంది. చలి ఎక్కువైతే పులవడం నెమ్మదిస్తుంది, అందుకే పొయ్యి పక్కన పెట్టి గోనె చుట్టడం. కొలతలు అడిగితే అవ్వ నవ్వింది. "కొలతేటి బాబూ, చెయ్యెడితే తెలిసిపోద్ది."

మా క్లాస్‌మేట్ చేసేదీ అక్షరాలా ఇదే. గింజ మొలకెత్తినప్పుడు లోపల పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి, ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాలు చేస్తుంది. గింజను మొలకెత్తించి ఎండబెట్టడాన్ని వాడు మాల్టింగ్ అంటాడు. చలికి పులవడం ఆగకుండా డబ్బాకు దుప్పటి చుట్టాడు, ఆ ఫొటో కూడా పెట్టాడు. అవ్వది గోనె, వాడిది దుప్పటి. మిగతా తేడా అంతా చట్టంలో ఉంది.

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడం 1978 దాకా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. ఆ ఏడాది జిమ్మీ కార్టర్ సంతకంతో సొంత వాడకానికి అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. ఇక్కడ అవ్వ కుండలో పట్టేది మహా అయితే పదిహేను లీటర్లు. వాడికి హాబీ, ఆమెకు కేసు. హైదరాబాద్‌లో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు రాశారు. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను హెరిటేజ్ అంటోంది. లైసెన్సు ఫీజు కట్టగలిగినవాడి చేతిలోకి వెళ్లాక అది వారసత్వం. పెట్టిన మనిషి చేతిలో ఉన్నంతకాలం నాటు.

ఇది కొత్త సంగతేం కాదు. బొంబాయి ప్రెసిడెన్సీలో తెల్లవాడు 1878లో ఆబ్కారీ చట్టం తెచ్చాడు. అది చాలక 1892లో ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు ఏరుకుని ఉంచుకోవడం మీదే ఆంక్షలు పెట్టాడు. చెట్టు కింద రాలిన పువ్వు నేరమైపోయింది. వాడికి జనం ఆరోగ్యం పట్టలేదు, ఖజానా పట్టింది.

ఇప్పుడు మనవాళ్ల వాదనకు వస్తాను. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను, ఎందుకంటే అది మా ఇంటి వాదన. మాది నెల్లూరు జిల్లా. 1992లో నాకు నాలుగేళ్లు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారు సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. మా నాన్న కూలి డబ్బులు ఆ ప్యాకెట్లలోకే పోయాయి, చివరికి మా నాన్న కూడా. దూబగుంట ఆడవాళ్లు లేచినప్పుడు మా అమ్మ కూడా మా వాడ ఆడవాళ్లతో కలిసి సారా కొట్టు ముందు కూచుంది. అక్షరదీపం పుస్తకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' పాఠాన్ని అమ్మ కూడబలుక్కుని చదివేది. నేను విన్న మొదటి తెలుగు వాచకం అదే. 1993 అక్టోబరులో సారా, 1995లో మొత్తం మద్యం ఆగాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆదాయం కావాలి కదా.

కాబట్టి తాగుడు గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ మా అమ్మ ఏం పగలగొట్టిందో గుర్తు చేసుకోండి. కాంట్రాక్టరు కొట్టును. వేలం పాటను. పక్కింటి ముసలమ్మ కుండను కాదు. ఈరోజు సర్కారు లైసెన్సుతో దొరికే క్వార్టర్ సీసాలో 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం ఆల్కహాలు. ఆ సీసాను పగలగొట్టడానికి మన్యంలో ఏ జీపూ వెళ్లడం నేను చూడలేదు. అది అమ్మే దుకాణానికి దారి మాత్రం బాగానే వేశారు.

ఇక బాబాసాహెబ్ పేరు తీసుకొచ్చిన మిత్రుడికి. మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చే చర్చ 1948 నవంబరు 24న రాజ్యాంగ సభలో జరిగింది. జైపాల్ సింగ్ ముండా లేచి, బియ్యపు బీరు ఆదివాసుల పూజల్లో భాగమని, అది లేకుండా సంతాల్ నాట్లే పడవని వాదించాడు. అంబేద్కర్ సవరణను ఒప్పుకున్నారు. కానీ జైపాల్ సింగ్‌కు జవాబిస్తూ ఇది ఆదేశిక సూత్రమే తప్ప నిర్బంధం కాదనీ, ఆదివాసీ ప్రాంతాలకు వేరే రక్షణలు పెట్టామనీ చెప్పారు. 1951 షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ మేనిఫెస్టో ఇంకా ముందుకెళ్లింది. నిషేధం వల్ల ఖజానాకు నష్టమని, అది పిచ్చి పని అని తేల్చింది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే మేనిఫెస్టో నిషేధం వల్ల ఇంటింటా సారా తయారై ఆడవాళ్లూ పిల్లలూ కూడా తాగుతున్నారని ఫిర్యాదు చేసింది. అంటే ఇంటి కుండను ఆయన మెచ్చుకున్నారని నేను అనను. ఆ వాక్యం మనకు ఇబ్బందే. కానీ అది నిషేధం నీడలో దొంగచాటుగా కాచిన సారా గురించి. తరతరాలుగా పొయ్యి పక్కన పులిసే గింజ గురించి కాదు. మహానుభావుడి పేరు చెప్పి పిల్లాడి నోరు మూయించేముందు ఆ పేజీ తెరిచి చూడండి, చాలు.

లందా మత్తెక్కించదని కూడా అనను. ఎక్కువ తాగితే ఎక్కుతుంది. అవ్వ కొడుకుల్లో ఒకడు తాగుబోతు. లందా తాగుతాడు, క్వార్టరూ తాగుతాడు. అవ్వ అతన్ని తిట్టని రోజు లేదు. అతన్ని ఏం చెయ్యాలో ఆ ఊరి ఆడవాళ్లు కూచుని మాట్లాడుకోవాలి. చట్టం చెప్పేదీ అదే. 1975లో కేంద్రం ఆదివాసీ ప్రాంతాల్లో మద్యం వ్యాపారాన్ని ఆపమని, సొంతానికి, పండగలకు పెట్టుకునేదాన్ని వదిలెయ్యమని రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వాలంది. సరిగ్గా దానికి తలకిందులుగా జరుగుతోంది. దుకాణం నిలబడింది, కుండ పగిలింది. గ్రామసభను ఎవరూ అడగలేదు.

నా డాక్టరేటులో ఒక అధ్యాయం కల్లు మానమని చెప్పిన సంస్కరణ సాహిత్యం మీద. నేను చదివిన ఆ కథల్లో, పాటల్లో తాగేవాడు ఎప్పుడూ కూలివాడే, మాలపల్లివాడే. దొరగారి బ్రాందీ మీద ఎవరూ పాట కట్టలేదు. ఆ చూపునే మనం అరువు తెచ్చుకుని, ఇప్పుడు మనకంటే అడుగున ఉన్నవాళ్ల మీద వాడుతున్నాం. పోర్జా పిల్లాడు మన కామెంట్ల కింద నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలా? మన వాడల్లో పెద్దకూర వండితే వాసనొస్తోందన్నవాళ్ల మీద ఎన్నేళ్లు పోట్లాడాం! ఆ అన్నవాళ్ల గొంతే ఈ నలుగురి కామెంట్లలో నాకు వినిపించింది.

తమ్ముడూ, నువ్వు తప్పు చెయ్యలేదు. ఫొటో మళ్లీ పెట్టు. పగిలిన కుండ పెంకులు ఇంకా పెరట్లో ఉంటే ఆ ఫొటో కూడా పెట్టు. ఎవరు వచ్చారో, ఏ కాగితం చూపించారో, గ్రామసభ తీర్మానం ఉందో లేదో రాయి. సమాచార హక్కు దరఖాస్తు రాయడానికి శనివారం నా గదికి రా, ఇద్దరం కూచుందాం.

ఆ నలుగురు మిత్రులకు ఒక్కటే. మీరు అతన్ని తిట్టింది అందరి ముందు. క్షమాపణ నాకు ఫోన్ చేసి కాదు, ఆ పోస్టు కిందే చెప్పండి.

వచ్చే ఆదివారం ఏడో భాగం: జీలుగు కల్లు, దాన్ని గీసే చేతులు.