రావణుడిది చెల్లెలి మీది ప్రేమేనా?

‘చెల్లెలి ముక్కుచెవులు కోస్తే అన్నకు కోపం రాదా? రావణుడు చేసిన తప్పేమిటి?’ టీవీలో రామాయణం చూస్తూ మీ ఇంటి పిల్లలు ఈ మాట అడిగితే కసిరి నోరు మూయించకండి. అది అడగదగిన ప్రశ్నే. 1961 నాటి ‘సీతారామ కల్యాణం’లో ఎన్టీ రామారావు తానే దర్శకత్వం వహిస్తూ రావణ పాత్రను ధరించారు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడితో పాటు కర్ణ, దుర్యోధనులుగానూ నటించారు. ప్రతినాయకుడి మనసులోకి తొంగిచూడడం తెలుగువారికి కొత్త కాదు.

వాల్మీకి మహర్షికీ కొత్త కాదు. సుందరకాండలో రావణుణ్ని సభలో చూసిన హనుమంతుడు అతని రూపానికి, తేజస్సుకు ఆశ్చర్యపోతాడు. అధర్మమే లేకుంటే ఇతడు దేవలోకాన్ని సైతం పాలించదగినవాడని తలపోస్తాడు.

అయితే చెల్లెలి కోసమే చేశాడన్న వాదాన్ని నిదానంగా పరిశీలించండి. ప్రచారంలో ఉన్న అరణ్యకాండ పాఠంలో శూర్పణఖ కంటే ముందే అకంపనుడు లంకకు చేరి, ఖరుడి మరణాన్ని చెప్పి, సీతను అపహరించమని సలహా ఇస్తాడు. రావణుడు అందుకు సిద్ధపడి మారీచుడి వద్దకు కూడా వెళ్లివస్తాడు. చెల్లెలు వచ్చి గోడు చెప్పుకున్నది ఆ తరువాతే. పగే కారణమైతే రామలక్ష్మణులను ఎదుట నిలిచి యుద్ధానికి పిలవాలి. అతడు మాయలేడిని పంపి, అన్నదమ్ములు లేని వేళ సన్యాసి వేషంలో పర్ణశాలకు వచ్చాడు. అన్నిటికీ మించి, ఆ పగకు బలైన సీతమ్మ చేసిన అపరాధమేమిటి? రావణుడిపై జాలి చూపే వ్యాఖ్యానాలు తరచుగా మరిచిపోయేది ఆమెనే.

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో రత్నపుష్కరిణి చెంత కొలువైన శ్రీరంగనాయకస్వామిని మీలో చాలామంది దర్శించే ఉంటారు. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు నిర్మించిన ఆ ఆలయం కావేరీ తీరంలోని శ్రీరంగాన్ని స్ఫురింపజేస్తుంది. శ్రీరంగ స్థలపురాణమో విభీషణుడితో ముడిపడినది. రాముడు తన కులదైవమైన రంగనాథుణ్ని అతనికి అనుగ్రహించగా, లంకకు వెళ్లే దారిలో స్వామి కావేరీ తీరాన నిలిచిపోయాడని చెబుతారు.

ఆ విభీషణుడూ రావణుడూ ఒకే తల్లి బిడ్డలు. శూర్పణఖ అతనికీ తోబుట్టువే. ఆ అవమానం అతని ఇంటిదీ. అయినా సీతను తిరిగి అప్పగించమనే అన్నకు హితవు చెప్పాడు. గాయం ఇద్దరికీ ఒక్కటే. ఎంచుకున్న దారులే వేరు.

రావణుడు నేలకూలాక అంత్యక్రియలకు విభీషణుడు వెనుకాడితే, మరణంతో వైరం ముగిసిందని చెప్పి రాముడే వాటిని జరిపించాడు. సానుభూతి అంటే అది. అది యుద్ధాన్ని ఆపలేదు, తప్పును ఒప్పుగా మార్చలేదు.

నేటి సీరియళ్లలో, సూపర్‌హీరో కథల్లో ప్రతి దుష్టుడికీ వెనుక ఒక వేదన చూపుతున్నారు. పిల్లలను చూడనివ్వండి, జాలిపడనివ్వండి. ఆపై పక్కన కూర్చుని ఒక్కటే అడగండి: అదే వేదన పడి కూడా ఆ పని చేయనివారు ఆ కథలో ఎవరున్నారు?